షేక్ ఇంటి ఆడపిల్లకు సర్కారు కొలువులో ఎన్ని దారులు?

ముత్తుకూరు పాఠకురాలి ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ చదివింది. మేం షేక్‌లం. రాష్ట్ర ఉద్యోగాల్లో మహిళా కోటాకు వెళ్లాలా, బీసీ-ఇ కోటాకా?

నిపుణుల జవాబు: రెండింటిలో ఒకటి వదులుకోనక్కర్లేదు. 2007 చట్టం షేక్‌లు సహా వెనుకబడిన ముస్లిం వర్గాలకు బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. 2010లో హైకోర్టు దాన్ని కొట్టేసినా, అదే ఏడాది సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో అమలు కొనసాగింది. మహిళలకు దక్కే మూడో వంతు విడిగా ఉండదు. ఓసీ, బీసీ, ఎస్సీ, ఎస్టీ ప్రతి వర్గం లోపలా వర్తిస్తుంది.

చాలామందికి తెలియనిది మరొకటుంది, దీన్ని ఊరూరా చెప్పాలి. ఓపెన్ మహిళా పోస్టులు అగ్రవర్ణాల స్త్రీలకే కేటాయించినవి కావు. మార్కులుంటే ఏ వర్గం అమ్మాయైనా వాటికి అర్హురాలేనని 2020లో సౌరవ్ యాదవ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి ఈ అమ్మాయి పోటీ బీసీ-ఇ మహిళల పోస్టులతోనే ఆగిపోదు.

అయితే ముస్లింలంతా బీసీ-ఇ కిందికి రారు. దూదేకులవారు బీసీ-బి కిందికి వస్తారు. సయ్యద్, పఠాన్, మొఘల్ కుటుంబాలు బీసీ-ఇలో లేవు. వారి కుటుంబ ఆదాయం ఏటా 8 లక్షల లోపుండి, మిగతా షరతులు కుదిరితే ఆర్థికంగా బలహీన వర్గాల (ఈడబ్ల్యూఎస్) 10 శాతం కోటా చూసుకోవాలి.

కుల ధ్రువపత్రానికి గ్రామ సచివాలయంలో ఇప్పుడే దరఖాస్తు చేయండి. నోటిఫికేషన్ వచ్చాక పరుగులు పెడితే గడువు దాటిపోతుంది.