యంత్రము చెప్పిన లెక్క

నమ్మకము లేనిదే లోకవ్యవహారము సాగదు. రోగి వైద్యుని నమ్మి మందు పుచ్చుకొనును. బాటసారి పడవవానిని నమ్మి ఏరు దాటును. ఎవ్వరిని నమ్మనివాడు ఇల్లు కదలలేడు. అయినను తెలిసి నమ్ముట వేఱు, గ్రుడ్డిగా నమ్ముట వేఱు. పూర్వము మనుష్యుడు తన యెదుట నున్న మనుష్యుని నమ్మెడివాడు. వాని మాటను, నడవడిని ఎఱిగియే నమ్మెడివాడు. నేడు కంటికి కనబడని పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలను, ఎక్కడనో తయారగు వార్తలను నమ్మవలసి వచ్చుచున్నది. బ్యాంకులో మన పైకమెంత యున్నదో కంప్యూటరు చెప్పును. లోకములో ఏమి జరిగినదో పత్రిక చెప్పును. వీనిని ఎంతవఱకు నమ్మవచ్చును? బ్రిటను దేశపు తపాలా కార్యాలయములలో జరిగిన ఒక వృత్తాంతము ఈ ప్రశ్నకు చక్కని సమాధానము చెప్పుచున్నది.

ఆ దేశమున పెక్కు చిన్న ఊళ్లలో తపాలా కార్యాలయమును నడపువారు ప్రభుత్వోద్యోగులు కారు. వారు పోస్టాఫీసు సంస్థతో ఒడంబడిక చేసికొని, తమ దుకాణములోనే ఒక ప్రక్క తపాలా పని చేయుదురు. వారిని సబ్ పోస్టుమాస్టర్లందురు. తపాలా బిళ్ల లమ్ముట, వృద్ధులకు పింఛను చెల్లించుట, పొదుపు సొమ్ము స్వీకరించుట మున్నగునవి వారి పనులు. వారిలో చాలమంది కూడబెట్టుకొన్న ధనమంతయు వెచ్చించి ఆ దుకాణములను కొనినవారు. ఊరివారికి వారు ఆప్తులు.

1999వ సంవత్సరము మొదలుకొని ఈ కార్యాలయములందు హొరైజన్ అను కంప్యూటరు వ్యవస్థను ప్రవేశపెట్టిరి. దానిని నిర్మించినది ఐ.సి.ఎల్. అను సంస్థ, అది జపాను దేశపు ఫుజిత్సు కంపెనీకి చెందినది. అంతవఱకు కాగితములపై నడచిన చిట్టాలు యంత్రములోనికి మారినవి. పని సులువగునని అందఱు సంతసించిరి. కాని కొలది కాలములోనే పలుచోట్ల లెక్కలు తప్పసాగెను. పెట్టెలోని పైకమును, యంత్రము చూపు మొత్తమును సరిపోల్చగా వేల పౌండ్ల లోటు కనబడుచుండెను.

హాంప్‌షైర్ సీమలోని సౌత్ వార్న్‌బరో అను పల్లెలో ఒక సబ్ పోస్టుమిస్ట్రెస్ 2,000 పౌండ్ల లోటు చూచి, సహాయ కేంద్రమునకు ఫోను చేసెను. వారు చెప్పినట్లు మీటలు నొక్కుచుండగా, ఆమె కన్నుల యెదుటనే ఆ లోటు 4,000 పౌండ్లయ్యెను. ఇట్టివి ఎట్లు జరుగునో తెలియుటకు మఱియొక ఉదాహరణము కలదు. 2015లో స్కాట్లండులోని డాల్మెల్లింగ్టన్ కార్యాలయమున 8,000 పౌండ్ల పద్దు వ్రాయుచుండగా తెర కదలక నిలిచిపోయెను. మీట సరిగా నొక్కబడలేదేమో యని మరల మరల నొక్కిరి. తెర కదలకపోయినను, యంత్రము లోలోపల ఆ పద్దును నాలుగు మారులు వ్రాసికొనెను. అందుచే 24,000 పౌండ్లు లేని లోటు పుట్టెను. నాణెమొక్కటియు ఎవ్వరును దొంగిలింపలేదు, తప్పు యంత్రములోనిది.

అయినను పోస్టాఫీసు సంస్థ యంత్రమునే నమ్మెను. లోటును సబ్ పోస్టుమాస్టర్లే పూరింపవలెనని పట్టుబట్టెను. "ఇట్టి చిక్కు మీ కొక్కరికే వచ్చినది" అని పలువురితో సంస్థవారు చెప్పిరి. ఒకరి సంగతి మఱియొకరికి తెలియకుండుటచే ప్రతివారును తప్పు తమదేనేమో యని భయపడిరి. కొందఱు నగలమ్మి, ఇండ్లు తాకట్టుపెట్టి లోటును కట్టిరి. కట్టలేనివారిపై సంస్థ అభియోగములు తెచ్చెను. యార్క్‌షైర్‌లోని బ్రిడ్లింగ్టన్ పట్టణమున ఒకడు 91 మారులు సహాయ కేంద్రమునకు ఫోను చేసియు ఫలము గానక, సుమారు 26,000 పౌండ్ల లోటు విషయమై సంస్థతో వ్యాజ్యమాడెను. 2007లో అతడు ఓడిపోయి, కోర్టు ఖర్చుల క్రింద 3,21,000 పౌండ్లు చెల్లింపవలసి వచ్చి దివాలా తీసెను.

న్యాయస్థానములైనను వారి నేల ఆదుకొనలేదు? కంప్యూటరు సరిగా పనిచేయుచుండెనని ఋజువు చేసిన పిమ్మటనే దాని లెక్కను సాక్ష్యముగా గ్రహింపవలెనను నియమము ఇంగ్లండులో ఒకప్పుడుండెను. 1999లో చేసిన చట్టము ఆ నియమమును తొలగించెను. నాటినుండి కంప్యూటరు సరియైనదనియే భావింపబడుచుండెను. కాదనువాడే ఋజువు చూపవలెను. చిన్న దుకాణదారుడు పెద్ద కంపెనీ యంత్రములోపలి దోషమును ఎట్లు చూపగలడు? 1999 నుండి 2015 వఱకు 900 మందికి పైగా దోషులుగా నిర్ణయింపబడిరి. వారిలో ఇంగ్లండున నివసించు భారత సంతతి స్త్రీ యొకతె కలదు. 2010లో గర్భవతియై యుండగా, తన కుమారుని పదియవ జన్మదినముననే ఆమె కారాగారమునకు పంపబడెను. దొంగయను అపవాదు ఊరంతయు వ్యాపించెను.

స్థానిక పత్రికలు ఇట్టివారి శిక్షలను ప్రకటించెను. కోర్టు దొంగ యన్నవానిని పత్రికయు దొంగ యనెను. ఇందొక విచిత్రము కలదు. పాఠకులు పత్రికను నమ్మిరి. పత్రిక న్యాయస్థానమును నమ్మెను. న్యాయస్థానము పోస్టాఫీసును నమ్మెను. పోస్టాఫీసు యంత్రమును నమ్మెను. గొలుసులోని ప్రతి కడియము తన ముందున్న కడియమును పట్టుకొని వ్రేలాడుచుండెను. మొదటి కొక్కెము గట్టిదో కాదో తడవి చూచినవాడు లేడు. పదిమంది నమ్మినంత మాత్రమున ఒక మాటకు పది సాక్ష్యములు చేకూరవు. ఆ పదిమందియు ఒక్కచోటనే వినియున్నచో సాక్ష్యము ఒక్కటియే.

అయితే సత్యము వెలికి వచ్చిన విధమును గూడ విద్యార్థులు తెలిసికొనవలెను. వేల్సులోని క్రెయిగ్-ఇ-డాన్ ప్రాంతమున అలన్ బేట్స్ అను సబ్ పోస్టుమాస్టరుండెను. యంత్రము వచ్చిన కొలది కాలమునకే ఆతని లెక్కలో సుమారు 6,000 పౌండ్ల తేడా కనబడెను. ఆతడు భయపడక కాగితపు పద్దులన్నియు ముందు వేసికొని శోధించెను. అందు అధిక భాగము ఒకే పద్దు రెండేసి మారులు నమోదగుటచే కలిగినదని కనుగొనెను. చేయని తప్పునకు సొమ్ము చెల్లింపనని చెప్పి, వ్రాసిన ప్రతి ఉత్తరమును భద్రపఱచెను. 2003లో సంస్థ ఆతని ఒడంబడికను రద్దు చేసెను. ఆతడు చలింపలేదు.

కంప్యూటర్ వీక్లీ అను వృత్తిపత్రిక విలేకరులు బాధితుల మాట విని, విచారించి, 2009 మే నెలలో ఏడుగురి వృత్తాంతములను ప్రచురించెను. ఆ యేడే బేట్స్ బాధితులను కూడగట్టి ఒక సంఘమును స్థాపించెను. "మీ కొక్కరికే" యన్న మాట అబద్ధమని అప్పుడు తేటపడెను. ఫుజిత్సు ఇంజనీర్లు దూరము నుండియే కార్యాలయముల లెక్కలలో చేయి పెట్టగలరని ఆ కంపెనీలో పనిచేసిన ఇంజనీరొకడు 2015లో బి.బి.సి. కార్యక్రమమున వెల్లడించెను. అది వీలుకాదని పోస్టాఫీసు చెప్పుచు వచ్చియుండెను.

555 మంది కలిసి వ్యాజ్యము వేయగా, 2019 డిసెంబరులో ఉన్నత న్యాయస్థానము హొరైజన్ వ్యవస్థలో దోషములున్నవని తేల్చెను. 2021 ఏప్రిల్ 23న అప్పీలు కోర్టు 39 మంది శిక్షలను కొట్టివేసెను; ఆ గర్భవతియు వారిలో ఒకతె. అయినను దేశమంతయు కదలినది 2024 జనవరిలో ఐటీవీ ఈ కథను నాటకముగా ప్రసారము చేసిన పిమ్మటనే. పెద్ద పత్రికలన్నియు అప్పుడు మొదటి పుటలలో దీనిని ప్రకటించెను. ఆ మే నెలలో పార్లమెంటు చట్టము చేసి మిగిలిన వందలాది శిక్షలను రద్దుపఱచెను. చిన్న పత్రిక వ్రాసిన పదునైదేండ్లకు న్యాయము నడచి వచ్చెను. ఈ లోపల పెక్కుమంది కన్నుమూసిరి.

ఈ కథ విని, "కంపెనీలను నమ్మరాదు, పత్రికలను నమ్మరాదు" అని తేల్చివేయుట సులభము. కాని అదియు తప్పే. అపవాదును మోసినది పత్రికలే. దానిని తుడిచినదియు పత్రికయే. దోషమును దాచినది కంపెనీ. దానిని చెప్పినవాడును ఆ కంపెనీలో పనిచేసినవాడే. అందఱిని నమ్ముట, ఎవ్వరిని నమ్మకుండుట - ఈ రెండును విచారించు శ్రమను తప్పించుకొను మార్గములే.

పేరు పెద్దదా చిన్నదా యని కాక, ప్రశ్న కెట్లు బదులు చెప్పునో చూడవలెను. లెక్క చూపుమన్నప్పుడు లెక్క చూపువాడు, తప్పు పట్టినప్పుడు దిద్దుకొనువాడు నమ్మదగినవాడు. "మా యంత్రము తప్పు చేయదు" అని తలుపు మూసికొనువాడు ఎంత గొప్పవాడైనను అనుమానింపదగినవాడే. వార్త చదివినప్పుడు ఇది ఎవరు చూచిరి, ఎవరు చెప్పిరి, ఎదుటివాని మాట విన్నారా యని అడుగవలెను. తన లెక్క తాను వ్రాసి పెట్టుకొనవలెను.

సౌత్ వార్న్‌బరో పల్లెవారు అట్లే చేసిరి. తమ పోస్టుమిస్ట్రెస్‌ను యంత్రము దొంగ యన్నను, వారు ఆమె నడవడిని ఎఱుగుదురు. చందాలు వేసి ఆమెను ఆదుకొని, గుంపుగా కోర్టునకు వచ్చి ఆమెకు తోడు నిలిచిరి. 2021లో ఆమెయు నిర్దోషియని తేలెను. నిజము నిలకడ మీద తెలియునని పెద్దలందురు. అది నిలుచునంతవఱకు దానిని పట్టి నిలిపిన మనుష్యు లుండవలెను.

ప్రశ్నలు

1. డాల్మెల్లింగ్టన్ కార్యాలయమున లేని లోటు ఎట్లు పుట్టెను?
2. "ఆ పదిమందియు ఒక్కచోటనే వినియున్నచో సాక్ష్యము ఒక్కటియే" - ఈ వాక్యమును వివరింపుము.
3. అలన్ బేట్స్ ఇతరులవలె లోటును చెల్లింపక ఏమి చేసెను?
4. మీరు ఇటీవల చదివిన ఒక వార్తను తీసికొని, అది ఎవరి మాటపై ఆధారపడినదో వ్రాయుడు.