ఒక్క పన్ను తేడా

“బండి లాగడం లేదు” అనే మాట వినగానే మన చెయ్యి ముందుగా కార్బురేటర్ మీదికో, ప్లగ్గుల మీదికో పోయే రోజులవి. మూడో సంవత్సరం సెలవుల్లో, విశాఖపట్నంలో మా మామయ్య టాక్సీకి టైమింగ్ బెల్టు నేనే మార్చాను. ఇంజనీరింగు చదివే మేనల్లుడుండగా మెకానిక్కెందుకని ఆయన ధీమా. మర్నాడు సింహాచలం కొండెక్కలేక బండి చతికిలబడింది. ప్రయాణికులు దిగి వేరే బండిలో వెళ్లిపోయారు. మామయ్య నన్నొక్క మాట అనలేదు. రెండు రోజులు కార్బురేటర్ విప్పుతూ, బిగిస్తూ కూర్చున్నాను. ఆ రెండు రోజులూ ఆయనకు బేరాల్లేవు.

ఇంతకూ జరిగిందేమిటి? ఫోర్ స్ట్రోక్ ఇంజనులో క్రాంక్ షాఫ్టు రెండు చుట్లు తిరిగితే క్యామ్ షాఫ్టు ఒక చుట్టు తిరుగుతుంది. క్రాంక్ చక్రానికి 20 పళ్లు, క్యామ్ చక్రానికి 40 పళ్లు అనుకుందాం. బెల్టు ఒక్క పన్ను తప్పితే క్యామ్ 9 డిగ్రీలు, అంటే క్రాంక్ లెక్కలో 18 డిగ్రీలు తేడా పడుతుంది. క్యామ్ అలా వెనకబడితే, పిస్టన్ పైకి వస్తున్నా ఇన్‌లెట్ వాల్వు ఇంకా మూసుకోదు. లోపలికొచ్చిన మిశ్రమంలో కొంత వచ్చిన దారినే పోతుంది. తక్కువ స్పీడులో బలం ఉండదు.

ఆ ఇంజనులో డిస్ట్రిబ్యూటర్‌ను తిప్పేదీ క్యామ్ షాఫ్టే. కనుక స్పార్కు కూడా వెనకబడింది. బెల్టు వేసిన రోజే టైమింగ్ లైటుతో అది గమనించి, డిస్ట్రిబ్యూటర్ తిప్పి సరిచేశాను. ఐడ్లింగ్ కుదురుకుంది. రోగం కుదిరిందనుకున్నాను గాని, నిజానికి రోగ లక్షణాన్ని చెరిపేశాను!

చివరికొక ముసలి మెకానిక్ అడిగాడు: “బెల్టు వేశాక ఇంజను చేత్తో రెండు చుట్లు తిప్పి చూశావా బాబూ?” చూడలేదు.

అప్పుడు నేర్చుకున్న క్రమమిది:

1. ప్లగ్గులన్నీ తీసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి కంప్రెషన్ చూడండి. ఒక్క సిలిండర్లోనే తక్కువైతే దోషం ఆ సిలిండర్‌ది. అన్నిటా సమానంగా తక్కువైతే క్యామ్ టైమింగును అనుమానించాలి. కాస్త ఆయిల్ పోస్తే కంప్రెషన్ పెరిగిందా, అది రింగుల అరుగుదల.

2. వాక్యూమ్ గేజి పెట్టండి. సముద్రమట్టానికి దగ్గరగా, ఐడ్లింగులో మంచి ఇంజను 17 నుంచి 21 అంగుళాలు చూపుతుంది. ముల్లు ఊగకుండా తక్కువ దగ్గర నిలిస్తే స్పార్కో, వాల్వులో ఆలస్యం.

3. క్యామ్ ముందుకు జరిగితే కంప్రెషన్ తగ్గకపోవచ్చు, పైగా పెరగవచ్చు. కాబట్టి అంతిమ తీర్పు గుర్తులదే. ఇంజను తిరిగే దిశలోనే, చేత్తో, నిదానంగా రెండు చుట్లు తిప్పి రెండు గుర్తులూ కలిశాయేమో చూడాలి. మధ్యలో గట్టిగా తగిలితే బలవంతం చేయవద్దు, పిస్టన్ వాల్వును గుద్దుతూ ఉండవచ్చు.

నేటి కార్లలో డిస్ట్రిబ్యూటర్ లేదు. క్రాంక్, క్యామ్ సెన్సర్లను కంప్యూటరు పోల్చి, పొత్తు కుదరకపోతే పి0016 వంటి కోడు చూపుతుంది. అది తేడా ఉందని చెబుతుందే తప్ప కారణం చెప్పదు. బెల్టు జారినా, చైను సాగినా, సెన్సరు వైరింగు చెడినా అదే కోడు రావచ్చు. కోడు చూసి సెన్సరు మార్చేయడమంటే, నాడు నేను డిస్ట్రిబ్యూటర్ తిప్పడం లాంటిదే.

గుర్తులు కలిపి బిగించిన రోజున బండి మళ్లీ అదే కొండెక్కింది. పక్క సీట్లో నేనున్నాను. పైకి చేరాక మామయ్య, “ఇప్పుడు ఇంజనీరువయ్యావురా” అన్నాడు.