ఆరు అంకెల తాళం

బ్యాంకులో లాకరు తెరవడానికి రెండు తాళపుచెవులు కావాలి. ఒకటి ఖాతాదారు వద్ద, రెండవది బ్యాంకు అధికారి వద్ద ఉంటాయి. ఏ ఒక్కదానితోనూ పెట్టె తెరుచుకోదు. ప్రభుత్వ ఖజానా కార్యాలయాలలో ధనం దాచే గదికి రెండు తాళాలు వేసి, వాటి చెవులను ఇద్దరు వేర్వేరు ఉద్యోగుల స్వాధీనంలో ఉంచే పద్ధతి కూడ చిరకాలంగా ఉన్నది. దీనినే ‘డబుల్ లాక్’ అంటారు. ఒకరు ఏమరినా, ఒకరు మోసగించినా సొత్తు చెక్కుచెదరకుండా ఉండాలన్నదే ఇందలి ఆంతర్యం. నేడు ఇంటర్నెట్‌లోని ఖాతాలకు ఇదే సూత్రాన్ని అన్వయిస్తున్నారు. దానికి రెండంచెల ధ్రువీకరణ అని పేరు.

మొదటి అంచె మనిషికి తెలిసిన విషయం, అనగా పాస్‌వర్డ్. రెండవది మనిషి చేతిలో ఉన్న వస్తువు, సాధారణంగా ఫోన్. పాస్‌వర్డ్‌ను దొంగ ఎక్కడో వెయ్యి మైళ్ల దూరంలో కూర్చుని సంగ్రహించవచ్చును గాని, జేబులోని ఫోన్‌ను అక్కడి నుంచి ఎత్తుకుపోలేడు. మన దేశంలో ఈ పద్ధతి సామాన్యులకు పరిచయం కావడానికి భారతీయ రిజర్వు బ్యాంకు కారణం. కార్డును చూపకుండా ఇంటర్నెట్‌లో జరిపే చెల్లింపులకు అదనపు ధ్రువీకరణ తప్పనిసరి అని 2009 ఫిబ్రవరిలో రిజర్వు బ్యాంకు ఆదేశించింది. అదే సంవత్సరం ఆగస్టు 1 నుంచి ఆ నియమం అమలులోకి వచ్చింది. క్రమంగా ఓటీపీ అన్న మాట పల్లెపల్లెకూ, గల్లీగల్లీకీ చేరింది.

ఎస్సెమ్మెస్‌గా వచ్చే ఓటీపీకి ఒక లోపం ఉన్నది. అది మనిషిని గాక నంబరును అనుసరించి పోతుంది. ఆ నంబరు ఎవరి పేర ఉన్నది, ఎక్కడ ఉన్నది అన్నది పెద్ద చిక్కు. హైదరాబాదు పాతనగరపు దక్షిణపు కొసన ఉన్న ఫలక్‌నుమా వంటి ప్రాంతాలలో ఈ చిక్కు బాగా అనుభవంలోకి వస్తుంది. ఇక్కడి కుటుంబాలలో బతుకుతెరువు కోసం గల్ఫ్ దేశాలకు వెళ్లినవారు చాలామంది. తండ్రి పేర తీసుకొన్న సిమ్ తండ్రితోపాటే దుబాయికో, జెద్దాకో పోతుంది. ఇక్కడ కొడుకు తన ఈమెయిల్ తెరవబోతే, ఓటీపీ అక్కడ పనిలో ఉన్న తండ్రి ఫోన్‌కు చేరుతుంది. రీఛార్జి చేయక మూడు నెలలు వాడకుండా వదిలివేసిన నంబరును కంపెనీలు రద్దు చేసి, కొంతకాలానికి మరొకరికి కేటాయిస్తాయి కూడ. అప్పుడు ఒకరి ఖాతా తాళపుచెవి ముక్కుమొగం తెలియని మరొకరి చేతికి పోతుంది. ఇది చాలదన్నట్లు, దొంగ పత్రాలు చూపి ఇతరుల నంబరుపై కొత్త సిమ్ తీసుకొనే మోసగాళ్లు ఉన్నారు. వారిని అరికట్టడానికే, సిమ్ మార్చిన తరువాత 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు నిలిపివేయాలని టెలికమ్ శాఖ 2022లో కంపెనీలను ఆదేశించింది.

నంబరుతో నిమిత్తం లేకుండా ఫోన్‌లోనే సంకేతాన్ని పుట్టించే సాధనం అథెంటికేటర్ యాప్. దానిని తెరిస్తే ఒక్కొక్క ఖాతాకు ఎదురుగా ఆరు అంకెలు కనిపిస్తాయి. అరనిమిషం గడవగానే అవి మారిపోతాయి. రోజుకు 2,880 మార్లు మారే ఈ అంకెలను ఎవరూ ఎక్కడి నుంచీ పంపడం లేదు. సిమ్ తీసివేసినా, ఇంటర్నెట్ ఆపివేసినా అవి మారుతూనే ఉంటాయి. ఇది ఇంద్రజాలం వలె తోచినా దీని వెనుక ఉన్నది తేలికైన లెక్క.

యాప్‌ను ఒక ఖాతాతో మొదటిసారి కలిపేటప్పుడు తెరపై నల్లచుక్కల చతురస్రం, అనగా క్యూఆర్ కోడ్, కనిపిస్తుంది. అందులో కొన్ని రహస్యాక్షరాలు దాగి ఉంటాయి. ఆంగ్ల వర్ణమాలలోని 26 అక్షరాలు, 2 నుంచి 7 వరకు అంకెలు, ఇవి తప్ప వేరేవి అందులో ఉండవు. సున్నను ‘ఓ’ అనే అక్షరంగా, ఒకటిని ‘ఐ’ అనే అక్షరంగా పొరబడకుండా ఆ రెండు అంకెలను వదిలివేయడం చక్కని ముందుచూపు. ఆ రహస్యాక్షరాల ప్రతి ఒకటి ఖాతా నడిపే సంస్థ వద్ద, మరొకటి ఫోన్‌లో నిలుస్తాయి. ఇక కాలం సంగతి. 1970 జనవరి 1 నుంచి ఈ క్షణం దాకా ఎన్ని అరనిమిషాలు గడిచాయో ఇరువైపులా లెక్కిస్తారు. ఆ సంఖ్య ఇప్పుడు ఆరు కోట్ల దరిదాపులలో ఉన్నది. రహస్యాక్షరాలనూ ఆ సంఖ్యనూ కలిపి ఒక గణితప్రక్రియలో రుబ్బితే చివరకు ఆరు అంకెలు వస్తాయి. రోటిలో రుబ్బిన పచ్చడి నుంచి మిరపకాయను, చింతపండును విడదీయలేనట్లే, ఆ ఆరు అంకెల నుంచి రహస్యాక్షరాలను రాబట్టడం సాధ్యం కాదు. రెండు చోట్లా అవే దినుసులు, అదే రోలు గనుక అదే ఫలితం వస్తుంది. గడియారం తప్పితే మాత్రం లెక్క తప్పుతుంది. అందుచేత ఫోన్‌లో సమయాన్ని తనంతట తానే సరిదిద్దుకొనే ఏర్పాటును ఆపివేయరాదు.

ఈ లెక్క ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు. ఆర్‌ఎఫ్‌సీ 6238 అనే పేరుతో 2011లో ప్రకటితమైన బహిరంగ ప్రమాణం. కాబట్టి గూగుల్ ఖాతాకు గూగుల్ యాప్‌నే వాడాలన్న నియమం లేదు. ఆ ప్రమాణాన్ని పాటించే ఏ యాప్ అయినా ఆరు అంకెలూ అవే చూపుతుంది. ఈ సంగతి తెలియక, ఒక్కొక్క ఖాతాకు ఒక్కొక్క యాప్ దించుకొని తికమకపడేవారు ఎందరో. అయితే మన బ్యాంకులు ఎక్కువగా ఎస్సెమ్మెస్‌నూ తమ సొంత యాప్‌లనూ నమ్ముకొన్నాయి. అథెంటికేటర్ యాప్‌ల ఉపయోగం ముఖ్యంగా ఈమెయిల్, సామాజిక మాధ్యమాలు, షేర్ల వ్యాపారం, సాఫ్ట్‌వేర్ వృత్తివారి ఖాతాలలో కనిపిస్తుంది. ప్రభుత్వమూ ఈ దారి పట్టింది. ఈ-వే బిల్లు, ఈ-ఇన్వాయిస్ వెబ్‌సైట్లలో వ్యాపారులకు రెండంచెల ధ్రువీకరణను 2023 నుంచి పెద్ద వ్యాపారులతో మొదలుపెట్టి, 2025 ఏప్రిల్ 1 నాటికి అందరికీ తప్పనిసరి చేశారు. ఎస్సెమ్మెస్‌తోపాటు, ఇంటర్నెట్ అవసరం లేకుండా సంకేతం పుట్టించే ‘ఎన్‌ఐసీ జీఎస్టీ షీల్డ్’ యాప్‌ను కూడ అందులో ఒక మార్గంగా చూపారు. సరుకు లారీకి ఎత్తించే వర్తకుడు కూడ నేడు ఈ ఆరు అంకెలు ఎరగక తప్పదు.

ఇంతవరకు గుణం. ఇక దోషం. రహస్యాక్షరాలు ఖాతాదారు వైపున ఫోన్‌లో తప్ప మరెక్కడా లేకపోవడమే ఈ తాళానికి బలం. ఆ ఫోన్ పోయినపుడు అదే దాని బలహీనత.

ఫలక్‌నుమా స్టేషన్ నుంచి ఎంఎంటీఎస్ రైలెక్కి కళాశాలకు పోయే ఒక విద్యార్థిని ఊహించుకోవచ్చును. రద్దీలో అతని ఫోన్ జారిపోయింది. ఇంటికి వచ్చి సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో ఫిర్యాదు నమోదు చేస్తే ఆ ఫోన్‌ను ఏ సిమ్‌తోనూ పనిచేయకుండా నిలిపివేస్తారు. తెలంగాణ పోలీసులు ఈ పద్ధతి ద్వారా పోగొట్టుకొన్న ఫోన్లను పెద్ద సంఖ్యలో వెదికి ఇచ్చారు. పాత నంబరుపై కొత్త సిమ్ కూడ దొరుకుతుంది. కాని అథెంటికేటర్‌లోని రహస్యాక్షరాలు సిమ్‌లో లేవు. కొత్త ఫోన్‌లో అదే యాప్ దించి తెరిస్తే ఖాళీ తెర ఎదురవుతుంది. దరఖాస్తులన్నీ ఆ ఈమెయిల్ పైనే చేసి ఉంటాడు. ప్రవేశపరీక్ష హాల్‌టికెట్టు, ఉపకారవేతనపు సమాచారం దానికే వస్తాయి. పాస్‌వర్డ్ అతనికి కంఠతా వచ్చు. అయినా తన ఇంటి గుమ్మం ముందే తాను పరాయివాడై నిలబడవలసి వస్తుంది.

ఫోన్ పోనక్కరలేదు. పగిలినా చాలు. ఆబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్‌లో మరమ్మతుకు ఇచ్చినపుడు ‘రీసెట్ చేస్తే బాగవుతుంది’ అన్న ఒక్క మాటకు తల ఊపితే, ఫొటోలతోపాటు రహస్యాక్షరాలూ తుడిచిపెట్టుకుపోతాయి. ఇంటిలో ఒకే ఫోన్‌ను అక్కాతమ్ముళ్లు పంచుకొనేచోట, ‘ఇది ఎవరూ వాడడం లేదు’ అనుకొని ఎవరో యాప్‌ను తొలగించడమూ కద్దు.

కాబట్టి యాప్‌ను ఎంచుకొనేటపుడు మొదట అడుగవలసిన ప్రశ్న అది ఎంత అందంగా ఉన్నదన్నది కాదు, ఎంతమంది దించుకొన్నారన్నదీ కాదు. దానిలో పెట్టినదానిని తిరిగి బయటకు తీసుకోనిస్తుందా అన్నదే ప్రధానం. ఈ విషయంలో గడచిన పదిహేనేళ్ల అనుభవం ఎంతో నేర్పింది. గూగుల్ అథెంటికేటర్ 2010లో వచ్చింది. ఒక ఫోన్ నుంచి మరొకదానికి ఖాతాలను మార్చుకొనే సదుపాయం దానిలో 2020 దాకా లేదు. ఫోన్ పోతే అంతా పోయినట్లే. 2023 ఏప్రిల్‌లో ఆ సంస్థ రహస్యాక్షరాలను గూగుల్ ఖాతాలో దాచుకొనే వీలు కల్పించింది. అలా దాచినపుడు అవి ఖాతాదారు తప్ప మరెవరూ చదవలేని గూఢలిపిలో లేవని పరిశోధకులు వెంటనే ఎత్తిచూపారు. అంతకంటె చిత్రమైన చిక్కు మరొకటి ఉన్నది. గూగుల్ ఖాతా తెరవడానికి కావలసిన సంకేతం ఆ యాప్‌లో ఉండి, ఆ యాప్ నకలు గూగుల్ ఖాతాలోనే ఉంటే, బీరువా తాళపుచెవిని బీరువాలోనే పెట్టి తలుపు మూసినట్లవుతుంది.

ఆథీ అనే యాప్ మొదటి నుంచీ నకలు దాచే సదుపాయంతో పేరు పొందింది. కాని దానిలోని రహస్యాక్షరాలను వెలికి తీసి వేరొక యాప్‌కు మార్చుకోనివ్వదు. దాని యాజమాన్యం 2024 మార్చిలో కంప్యూటర్లలో వాడే రూపాన్ని నిలిపివేసింది. దానినే నమ్ముకొన్నవారు ఇబ్బంది పడ్డారు. ఐఫోన్‌వారు ఇష్టపడిన రైవో అనే యాప్ 2023లో చేతులు మారింది. 2024లో వచ్చిన ఒక అప్‌డేట్‌తో పలువురి రహస్యాక్షరాలు మాయమయ్యాయి. నకలు తీసిపెట్టుకొన్నవారు నిమిషాలలో తేరుకొన్నారు. మిగిలినవారు చేతులు కాలాక ఆకులు పట్టుకొన్నారు.

ఆండ్రాయిడ్ ఫోన్లకు ఏజిస్ అనే ఉచిత యాప్ ఉన్నది. దాని మూలరచన బహిరంగం. పాస్‌వర్డుతో భద్రపరచిన నకలును ఒక ఫైలుగా ఇస్తుంది. టూఎఫ్‌ఏఎస్, ఎంటే ఆథ్ అనేవి ఆండ్రాయిడ్‌లోను, ఐఫోన్‌లోను పనిచేస్తూ నకలు తీసుకోనిస్తాయి. వీటిలో ఏది ఎంచుకొన్నా దోషం లేదు. యాప్ స్టోర్‌లో ఇంచుమించు అదే పేరుతో, అదే బొమ్మతో డబ్బు గుంజే నకిలీ యాప్‌లు కూడ ఉంటాయి. తయారుచేసినవారి పేరు చూడకుండా దించుకోరాదు.

నకలు తీయడంలో అన్నింటికంటె తేలికైనదీ, ఎక్కువమంది ఉపేక్షించేదీ ఒకటి ఉన్నది. రెండంచెల ధ్రువీకరణను నెలకొల్పిన తరువాత చాలా సంస్థలు కొన్ని అత్యవసర సంకేతాలను ఇస్తాయి. గూగుల్ అయితే ఎనిమిదేసి అంకెలు గల పది సంకేతాలను ఇస్తుంది. యాప్ లేనపుడు వాటిలో ఒకదానితో ఖాతా తెరవవచ్చును. ఒక్కొక్కటి ఒక్కసారికే పనికివస్తుంది. ఆ పది సంకేతాలను కాగితంపై రాసి, టెన్త్ మెమో, కుల ధ్రువీకరణ పత్రం ఉండే ట్రంకుపెట్టెలోనే పెడితే చాలు. వాటిని ఫొటో తీసి గ్యాలరీలో ఉంచడం, వాట్సాప్‌లో తనకు తానే పంపుకోవడం మంచి పద్ధతి కాదు. పోయే ఫోన్‌లో దాచినది ఫోన్‌తోనే పోతుంది. క్యూఆర్ కోడ్ ఫొటో పరుల కంటపడితే వారి ఫోన్‌లోనూ అవే ఆరు అంకెలు పుడతాయి. యాప్ ఇచ్చే నకలు ఫైలునైతే పెన్‌డ్రైవ్‌లోనో ఇంటి కంప్యూటర్‌లోనో ఉంచి, దాని పాస్‌వర్డును కాగితంపై రాసుకోవాలి.

దాచడం ఒక ఎత్తు, దాచిన చోటు మరొకరికి తెలియడం మరొక ఎత్తు. దీనికి ఉదాహరణ ఫలక్‌నుమా కొండపైనే దొరుకుతుంది. ‘ఆకాశదర్పణం’ అని అర్థం చెప్పుకొనే ఆ పేరుతో నవాబు వికారుల్ ఉమ్రా కట్టించిన ప్యాలెస్‌ను ఆరవ నిజాం మహబూబ్ అలీ పాషా సొంతం చేసుకొన్నాడు. 1911లో ఆ భవనంలోనే కన్నుమూశాడు. ఆయన కొన్న జేకబ్ వజ్రం ప్రపంచంలోని పెద్ద వజ్రాలలో ఒకటి. ఆయన మరణానంతరం అది ఒక పాత చెప్పు ముందుభాగంలో గుడ్డలో చుట్టి ఉండగా కొడుకు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌కు దొరికిందనీ, ఆయన దానిని కాగితాలు ఎగిరిపోకుండా బరువుగా వాడుకొన్నాడనీ చెప్పుకొంటారు. చెప్పును ఎవరైనా పారవేసి ఉంటే ఏమయ్యేదో! 1995లో భారత ప్రభుత్వం నిజాం ఆభరణాలను కొన్నపుడు ఆ వజ్రమూ వాటితోపాటు వచ్చింది. ఇంటిలో అమ్మకో అక్కకో ‘ఈ కాగితం ఫలానా చోట ఉన్నది, పారవేయవద్దు’ అని ఒక్క మాట చెప్పి ఉంచడం ఎంతో మేలు.

ఈ తాళమూ కొన్ని మోసాలకు లొంగుతుంది. ‘బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాము, మీ యాప్‌లోని అంకెలు చెప్పండి’ అన్నవానికి చెప్పివేస్తే గణితం కాపాడలేదు. అసలు వెబ్‌సైటు వలె కనిపించే దొంగ వెబ్‌సైటులో ఆరు అంకెలు కొట్టినా అంతే. అరనిమిషం మోసగానికి చాలా ఎక్కువ సమయం. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయాలి.

నకలు తీసినవారు అది పనిచేస్తున్నదో లేదో ఒకసారి పరీక్షించి చూడాలి. ఇంటిలో ఉన్న మరొక ఫోన్‌లో అదే యాప్ దించి, ఫైలు తెరిచి, రెండు ఫోన్లను పక్కపక్కన పెడితే ఒకే అంకెలు కనిపించాలి. పరీక్ష ముగిసిన పిదప ఆ రెండవ ఫోన్ నుంచి యాప్‌ను తొలగించడం మరువరాదు. కొత్త ఫోన్ కొన్నపుడు చాలామంది షాపులోనే తొందరపడి పాతదానిని మారకానికి ఇచ్చి వస్తారు. కొత్త ఫోన్‌లో సంకేతాలు పుట్టి, వాటితో కనీసం ఈమెయిల్ ఖాతా తెరుచుకొనే వరకు పాత ఫోన్ ఇంటిలోనే ఉండాలి. రీసెట్ బటన్ నొక్కడం ఆ తరువాతి పని.