మొదటి బోల్టు విప్పకముందే

జీడిమెట్ల, పటాన్‌చెరు వైపు బల్క్‌డ్రగ్ కంపెనీల మెయింటెనెన్స్‌లోనే నా సర్వీసంతా గడిచింది. సాల్వెంట్ బ్లాకుల్లో మోటారు కనెక్షన్ విప్పడం గురించి కొత్త ఎలక్ట్రీషియన్లకు చెబుతూ వచ్చినవే ఇవన్నీ.

1. ఫ్లేమ్‌ప్రూఫ్ మోటారంటే లోపలికి ఆవిరి పోనిదని చాలామంది అనుకుంటారు. పోతుంది. మోటారు వేడెక్కి చల్లారినప్పుడల్లా బయటి గాలిని పీలుస్తుంది, దాంతోపాటే టోలీన్ లాంటి సాల్వెంట్ ఆవిరినీ. లోపల అంటుకున్నా సరే, ఆ మంట మూతకీ బాక్సుకీ మధ్యనున్న సన్నటి సందులోంచి బయటపడేలోగా చల్లారిపోవాలి. డిజైనంతా ఆ సందులోనే ఉంది. బోల్టులన్నీ బిగిసి ఉన్నంతసేపే అది ఫ్లేమ్‌ప్రూఫ్. మూత తీశాక వట్టి రేకు డబ్బా. కాబట్టి జాగ్రత్తలన్నీ పానా పట్టకముందే అయిపోవాలి.

2. మోటారు పక్కనున్న స్టాప్ బటన్ నొక్కితే కాంటాక్టర్ పడిపోతుంది, అంతే. సప్లై ప్యానెల్‌లోనే కాచుకుని ఉంటుంది. ఎమ్‌సీసీ (మోటార్ కంట్రోల్ సెంటర్) ప్యానెల్ రూముకి వెళ్లి, ఫీడర్ నంబరు మోటారు ట్యాగ్‌తో సరిచూసుకుని, స్విచ్ ఆఫ్ చేసి, ఫ్యూజులు లాగి, మీ తాళం మీరే వేయండి. తాళంచెవి మీ జేబులోనే ఉండాలి. ఇద్దరు పనిచేస్తుంటే రెండు తాళాలు. వట్టి ట్యాగ్ కట్టి వస్తే షిఫ్టు మారాక దాన్ని ఎవరు చదువుతారు?

3. ఎక్కువమంది మరిచిపోయేది స్పేస్ హీటర్. ఆగి ఉన్న మోటారు వైండింగుకి చెమ్మ పట్టకుండా పెద్ద మోటార్లలో పెడతారు. దాని సప్లై తరచు వేరేచోటి నుంచి వస్తుంది, సింగిల్ ఫేజ్ 230 వోల్టులు. తమాషా ఏమిటంటే, మోటారు ఆగినప్పుడే హీటర్ ఆన్ అవుతుంది. మూడు ఫేజులూ లేవని చూసుకుని, టెర్మినల్ బాక్సు మూలనున్న రెండు సన్నటి వైర్లని కటింగ్ ప్లేయర్‌తో ఒకేసారి కత్తిరించినవాణ్ణి కళ్లారా చూశాను. చిటుక్కుమని నీలంగా రవ్వ లేచింది, ప్లేయర్ అంచు కరిగి గుంట పడింది. ఆ రోజు బ్లాకులో బ్యాచ్ లేదు. బాక్సులోకి వచ్చే ప్రతి వైరూ ఎక్కణ్ణుంచి వస్తోందో డ్రాయింగ్‌లో చూసుకోండి.

4. టోలీన్ ఫ్లాష్ పాయింట్ సుమారు 4 డిగ్రీలు. అంటే మన దగ్గర డిసెంబరు తెల్లవారుజామున కూడా అంటుకునేంత ఆవిరి వస్తుంది. ఆ ఆవిరి గాలికన్నా మూడు రెట్లు బరువు, కేబుల్ ట్రెంచ్‌లో, సంప్‌లో చేరి పడుకుంటుంది. గ్యాస్ మీటరుని పాదాల దగ్గర పట్టి చూడండి. “వాసన రావట్లేదు సార్” అనే మాట నా దగ్గర చెల్లేది కాదు. ముక్కు అలవాటు పడిపోతుంది. పర్మిట్ ఇచ్చేటప్పుడు ఒకసారి చూస్తే సరిపోదు. పక్క రియాక్టర్‌లో చార్జింగ్ మొదలుపెడితే లెక్కంతా మారిపోతుంది, మీటరుని పని అయ్యేదాకా నడవనివ్వండి.

5. కరెంటు లేదని తేల్చే టెస్టరుని ముందు కరెంటున్న చోట పెట్టి చూడాలి, తరవాత మన ఫీడర్ మీద, మళ్లీ కరెంటున్న చోట. ఇదంతా ప్యానెల్ రూములోనే. టెస్ట్ ల్యాంపు బ్లాకులోకి తేనే కూడదు. ఇన్సులేషన్ చూసే మెగ్గర్ 500 వోల్టులు వదిలే యంత్రం, దాన్నీ ప్యానెల్ వైపు నుంచే వేసి, కేబుల్‌ని డిశ్చార్జ్ చేయండి. డ్రైవ్ మీద నడిచే మోటారైతే కెపాసిటర్లు ఖాళీ కావాలి. ఎంతసేపు ఆగాలో డ్రైవ్ మీదే రాసి ఉంటుంది.

6. పంపు మోటారైతే వాల్వులు మూయించండి, వెనక్కొచ్చే ద్రవం షాఫ్టుని తిప్పేస్తుంది.

7. ఆర్, వై, బి గుర్తులు పెట్టుకునే వైర్లు విప్పండి. ఎర్తు వైరు అన్నిటికన్నా చివర విప్పాలి, బిగించేటప్పుడు అన్నిటికన్నా ముందు. మోటారు వర్క్‌షాపుకి పోయాక కేబుల్ కొసకి టేపు చుట్టి వదిలేసి, ఫీడర్ తాళం తీసేస్తుంటారు. అక్కడే కొంప మునుగుతుంది. కొసని ఫ్లేమ్‌ప్రూఫ్ జంక్షన్ బాక్సులో బిగించినా బిగించాలి, లేదా మోటారు తిరిగొచ్చేదాకా ఆ తాళం ఉండనైనా ఉండాలి.

8. తీసిన మూతని కాంక్రీటు మీద బోర్లించకండి, గుడ్డ మీద వెల్లకిలా పెట్టండి. ఆ నున్నటి అంచుని స్క్రూడ్రైవర్‌తో గీకడం, పెయింటు వేయడం, ఎం-సీల్ పూయడం మూడూ కూడవు. ఒక్క బోల్టు తగ్గినా మూత మూసినట్టు కాదు. వాడని కేబుల్ ఎంట్రీలో కాటన్ వేస్టు కుక్కిన మోటార్లు ఇప్పటికీ కనబడుతూనే ఉన్నాయి. అక్కడ పెట్టాల్సింది ఫ్లేమ్‌ప్రూఫ్ ప్లగ్గు.

9. స్పేర్ మోటారు తెచ్చేటప్పుడు హార్స్‌పవర్ ఒక్కటే చూడకండి, నేమ్‌ప్లేట్ మీద గ్యాస్ గ్రూపు కూడా చదవండి. హైడ్రోజనేషన్ బ్లాకులో ఉత్త టూ-బీ మోటారు పనికిరాదు, టూ-సీ కావాలి. స్టోర్స్‌లో అది లేదంటే ప్రొడక్షన్ వాళ్లని ఆగమనండి.