వాటా ఉన్నచోట మాట ఉండాలి

"తాతయ్యా, ఈ కంపెనీ పద్ధతులు నచ్చడం లేదు. షేర్లు అమ్మేయనా?" అని డీమ్యాట్ ఖాతాలు తెరిచిన మా ఇంటి పిల్లలు అడుగుతుంటారు. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులో కొంత షేర్లలో పెట్టి, ఏటా వార్షిక నివేదికలు చదువుతూ వచ్చినవాణ్ని. వాళ్లకు చెప్పేవే ఇక్కడా చెబుతున్నాను.

1. చప్పుడు చేయకుండా అమ్మితే కంపెనీకి తెలియనే తెలియదు. మీ షేరును మార్కెట్లో ఇంకొకరు కొంటారు. డబ్బు మారేది మీ ఇద్దరి మధ్యే, కంపెనీ ఖజానాలోంచి రూపాయి పోదు. కంపెనీ చేతికి నేరుగా డబ్బు అందేది కొత్త షేర్లు, బాండ్లు జారీ చేసినప్పుడు. వద్దనాలంటే అక్కడ వద్దనండి.

2. అమ్మక తప్పదనుకుంటే, ఎందుకు అమ్ముతున్నారో అందరికీ చెప్పి అమ్మండి. ఒడిశాలో నియమగిరి కొండల బాక్సైట్ కోసం గనుల కంపెనీ వేదాంత ప్రయత్నిస్తున్న రోజుల్లో, 2007లో నార్వే ప్రభుత్వ పెన్షన్ ఫండ్ ఆ కంపెనీని తన పెట్టుబడుల జాబితాలోంచి తీసేసింది. కారణాలను బహిరంగంగా ప్రకటించింది. 2010లో చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ కూడా వాటాలు అమ్మేసింది. ఆ వార్తలతో పాటు ఆ కొండల ఆదివాసులైన డోంగ్రియా కోందుల గోడు కూడా లండన్ పత్రికల్లోకి ఎక్కింది. అయితే గని ఆగింది వాటాదారుల వల్లే అనుకోకండి. 2013లో సుప్రీంకోర్టు గ్రామసభల మాట వినమంది. పన్నెండు గ్రామసభలూ వద్దన్నాయి. ఆ ఘనత కొండ మీది జనానిది. దూరాన ఉన్న మదుపరులు చేసింది వాళ్లకు తోడు నిలవడం.

3. ఓటు వదులుకోకండి. ఏటా జరిగే వాటాదారుల సర్వసభ్య సమావేశానికి (ఏజీఎం) కనీసం ఇరవై ఒక్క రోజుల ముందు నోటీసు వస్తుంది. చాలామంది దాన్ని తెరవనైనా తెరవరు. ఈ-ఓటింగ్ సైట్లోకి ఓటీపీతో వెళితే తీర్మానాలు వరుసగా కనిపిస్తాయి, ఒక్కోదానికి అనుకూలమో వ్యతిరేకమో నొక్కాలి. పది నిమిషాల పని. ప్రత్యేక తీర్మానానికి అనుకూల ఓట్లు వ్యతిరేక ఓట్లకు మూడింతలైనా ఉండాలి. అందుకే 2021లో ఐషర్ మోటార్స్‌లో జీతం పెంపుతో ముడిపెట్టిన ఎండీ పునర్నియామకం నెగ్గలేదు. జీతానికి పరిమితి తగ్గించాకే బోర్డు దాన్ని మళ్లీ ఓటుకు పెట్టింది.

4. మన హైదరాబాద్ అనుభవాన్ని మాత్రం మరవకూడదు. 2008 డిసెంబర్ 16న సాఫ్ట్‌వేర్ కంపెనీ సత్యం బోర్డు, ఛైర్మన్ కుటుంబానికి చెందిన రెండు మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లకు కొనాలని నిర్ణయించింది. మదుపరులు భగ్గుమన్నారు. న్యూయార్క్‌లో షేరు సగానికి పైగా పడిపోయింది. గంటల్లోనే బోర్డు వెనక్కి తగ్గింది. మూడు వారాలకు, జనవరి 7న, లెక్కల్లో చూపిన డబ్బులో చాలాభాగం లేనేలేదని ఛైర్మన్ లేఖ రాశారు. లేని ఆస్తుల చోట ఉన్న ఆస్తులు పెట్టడానికి చేసిన ఆఖరి ప్రయత్నమే మేటాస్ కొనుగోలు అని ఆ లేఖే చెప్పింది. ఆ రోజు వాటాదారులు "పోనీలే" అని ఊరుకుని ఉంటే ఆ మోసం ఇంకెన్నాళ్లు నడిచేదో!

5. ప్రశ్న సూటిగా ఉండాలి. ఒక మందుల కంపెనీ ఏజీఎంలో "పర్యావరణాన్ని కాపాడుతున్నారా?" అని ఒకాయన అడిగితే ఛైర్మన్ చక్కటి ఉపన్యాసం ఇచ్చారు. తర్వాత నా వంతు వచ్చింది. "వ్యర్థ జలాల శుద్ధి ప్లాంటు నిరుడు ఎన్ని రోజులు ఆగింది? కాలుష్య నియంత్రణ మండలి నుంచి ఎన్ని నోటీసులు వచ్చాయి?" అన్నాను. ఉపన్యాసం ఆగింది, రాతపూర్వకంగా జవాబిస్తామన్నారు. ఇచ్చారు కూడా. ఆన్‌లైన్ ఏజీఎంలో మీరు మాట్లాడాలంటే మామూలుగా వక్తగా ముందే పేరు నమోదు చేసుకోవాలి.

6. షేర్లు లేవు, మ్యూచువల్ ఫండే ఉందంటారా? 2022 ఏప్రిల్ నుంచి ఫండ్లు ప్రతి తీర్మానం మీదా ఓటు వేసి తీరాలని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధన. ఎటు వేశారో, ఎందుకో వాళ్ల వెబ్‌సైట్లలో ఉంటుంది. చదవండి, నచ్చకపోతే ఉత్తరం రాయండి. నిఫ్టీ ఇండెక్స్ ఫండ్ కొంటే అందులో సిగరెట్లు అమ్మే ఐటీసీ కూడా ఉంటుందని తెలిసే కొనండి.

మార్చితో లెక్కలు ముగించే కంపెనీలు మామూలుగా సెప్టెంబర్ 30లోగా ఏజీఎం జరపాలి. ఆ నోటీసు మీ ఈమెయిల్లో ఎక్కడున్నా వెతికి తీసి, ఈ ఏడు తప్పకుండా ఓటు వేయండి.