మామిడి పేర్లు – జన్యు శాస్త్రము

నిఘంటువు తిరగవేయు వారికి రెండు చిక్కులు ఎదురగుచుండును. ఒకే వస్తువునకు పలు పదములుండుట ఒకటి. ఒకే పదమునకు పలు అర్థములుండుట మరొకటి. మొదటివి పర్యాయపదములు, రెండవవి నానార్థములు. ఈ రెండు చిక్కులును మన ఆగిరిపల్లి, నూజివీడు మామిడి తోటలలో కూడ కలవన్నచో విద్యార్థులు నవ్వవచ్చును. కాని జీవ వైవిధ్యమును కాపాడదలచిన శాస్త్రజ్ఞులు మొదట విప్పవలసివచ్చినది ఈ చిక్కులనే. తెలుగు బోధించు మాకు ఈ శాస్త్రముపై ఆసక్తి కలిగించినదియు ఇదియే.

బంగినపల్లి మామిడికి బేనిషాన్ అని మరొక పేరు. ఉర్దూ విద్యార్థులకు దాని అర్థము విప్పి చెప్పనక్కరలేదు. గుర్తు గాని మచ్చ గాని లేనిదని భావము. ఆ పండే ఢిల్లీ బజారులో సఫేదా అగుచున్నది. మన రైతు కలెక్టరు అనునది ఇతరులకు తోతాపురి. సువర్ణరేఖయే సుందరి. ఇవి పర్యాయములు, విచారించినచో తేలిపోవును. నానార్థములు అంత సులభముగా పట్టుబడవు. పంచదార కలశ, చెరుకు రసము, చిన్న రసము అను పేర్లతో పిలువబడు చెట్లన్నియు ఒక్కటేనా? ఒకే పేరుగల రెండు చెట్ల కాయలు ఆకారములోను, పీచులోను, తీపిలోను భేదించినప్పుడు అది నేల గుణమో, నీటి గుణమో, పుట్టుక భేదమో కంటితో నిర్ణయింపజాలము.

ఈ భేదము ఎట్లు వచ్చినది? మన దేశపు మామిడి రకములలో అధిక భాగము టెంకకు ఒకే పిండము గలవి. ఆ పిండము తల్లి చెట్టు గుణములును, ఎక్కడినుండియో ఈగ మోసుకొనివచ్చిన పుప్పొడి గుణములును కలిసి ఏర్పడినది. కావున టెంక నాటినచో తల్లి పండు రాదు. ప్రతి మొక్కయు ఒక కొత్త జీవి. అట్టి లెక్కలేనన్ని టెంక మొక్కలలో ఎవరో ఒక రుచిగల చెట్టును గుర్తించి, దానికి అంటు కట్టి, పేరు పెట్టినారు. అంటు తల్లి చెట్టునకు నకలు. అయితే తాళపత్ర గ్రంథములకు నకళ్ళు వ్రాయునప్పుడు పాఠాంతరములు చొరబడినట్లే, తరతరముల అంట్లలో కొన్ని మార్పులు చేరును. ఒక్కొక్కప్పుడు టెంక మొక్క కూడ అంటు పేరుతో తోటలో ప్రవేశించును.

పాఠ పరిష్కర్త ప్రతులను పోల్చినట్లు జన్యు శాస్త్రజ్ఞుడు చెట్లను పోల్చును. మామిడి కణమునందు 20 జతల క్రోమోజోములు కలవు. వానిలోని డి.ఎన్.ఏ. నాలుగు అక్షరముల లిపి వంటిది. అందు కొన్ని చోట్ల రెండు మూడు అక్షరములే మరల మరల వచ్చుచుండును. వీనిని మైక్రోశాటిలైట్లు అందురు. ఒక చెట్టులో ఆ జంట ఎనిమిది మారులు రాగా మరొక చెట్టులో పదునొకండు మారులు రావచ్చును. ఒక లెక్క తల్లి నుండి, మరొక లెక్క తండ్రి నుండి సంక్రమించును. 1983లో కారీ మల్లిస్ కనుగొనిన పాలిమరేజ్ చైన్ రియాక్షన్ అను విధానముచే ఆ చిన్న భాగమును లక్షల రెట్లు పెంచి, పొడవు కొలుతురు. ఒక చోట లెక్క కలిసినంతమాత్రమున బంధుత్వము రుజువు కాదు. పలు చోట్ల చూడవలెను. దీనికి పండు కాచువరకు ఏండ్ల తరబడి వేచియుండనక్కరలేదు, ఒక లేత ఆకు చాలును.

హైదరాబాదు రాజేంద్రనగరమునందు హమీదున్నీసా బేగం గారును, వారి సహచరులును ఈ పద్ధతితోనే పంచదార కలశ చెట్లను పరిశీలించి 2012లో ఫలితములు ప్రకటించినారు. ఒకే పేరుగల ఆ చెట్ల మధ్య జన్యు భేదములు కలవని తేలినది. చెరుకు రసమును గూర్చియు అట్టి పరిశోధనయే జరిగినది. నానార్థ శంక నిజమేనన్నమాట! 2020 నాటికి మామిడి జన్యు లిపి యావత్తు చదువబడినది. మృగముల విషయమునను ఇట్టి విద్య ఉపయోగపడుచున్నది. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు పట్టుబడిన మాంసపు ముక్క ఏ జంతువుదో డి.ఎన్.ఏ. చూచి చెప్పగల విధానమును రూపొందించినారు.

ఇక మన తోటల మాట. రసములు మెత్తని పండ్లు. దూర ప్రయాణమునకు ఓర్వవు. అందుచే వర్తకునికి బంగినపల్లి, కలెక్టరు ముద్దు. మామిడి తీసి పామాయిలు వేసినవారును కలరు. మేము రైతును తప్పుపట్టము. గిట్టని పంటను ఎవరును మోయలేరు. కాని తోట యావత్తు ఒకే రకపు అంట్లతో నిండినచో అపాయము కలదు. ప్రపంచ విపణిని ఏలిన గ్రోస్ మిషెల్ అను అరటి రకము, చెట్లన్నియు ఒకే జన్యు నకళ్ళగుటచే, పనామా తెగులు సోకి 1950లలో వాణిజ్య తోటలనుండి దాదాపు తుడిచిపెట్టుకొనిపోయినది. తెగులును, కరువును తట్టుకొను గుణము ఏ మూల చెట్టులో దాగియున్నదో ముందుగా తెలియదు. గట్టున నిలిచిన టెంక చెట్టు ఏకైక ప్రతి వంటిది. దానిని నరికినచో వేరొక ప్రతి లేదు.

లక్నోలోని కేంద్ర సంస్థ ఏడు వందలకు పైగా మామిడి రకములను సేకరించి పెంచుచున్నది. అది గొప్ప భాండాగారమే. అయినను అక్కడికి చేరని చెట్ల మాట ఏమి? ప్రయోగశాల రెండు ఆకులు వేరని చెప్పగలదు గాని, ఏది ఆవకాయకు నిలుచునో, ఏది జుర్రుకొనుటకు తగునో చెప్పజాలదు. అది తోట కాచిన తాతకును, ఊరగాయ పెట్టిన నానమ్మకును తెలిసిన విద్య. 2002 నాటి జీవ వైవిధ్య చట్టము ప్రకారము స్థానిక సంస్థలు జీవ వైవిధ్య కమిటీలను ఏర్పరచి, ఊరి మొక్కల వివరములతో ప్రజా రిజిస్టరు వ్రాయించవలసియున్నది. 2001 నాటి మరొక చట్టము రైతు తన రకమును తన పేర నమోదు చేసికొను హక్కునిచ్చినది.

కళాశాల కమిటీ వారికి మా మనవి ఒక్కటే. వచ్చు వేసవిలో వృక్షశాస్త్ర విద్యార్థులును, భాషా విద్యార్థులును జతలుగా తోటలకు పోవుటకు అనుమతింపవలెను. ఒకరు లేత ఆకులు కోసి సిలికా జెల్ పొడితో సంచిలో ఆరబెట్టవలెను. రెండవవారు ఆ సంచిపై చెట్టు ఉన్న చోటు, వయస్సు, కాపు నెల, పండు వాడుక వ్రాయవలెను. ఇంటివారు ఆ చెట్టును ఏ పేర పిలుతురో, తెలుగైనను ఉర్దూయైనను, వారు పలికినట్లే ఉంచవలెను, దిద్దరాదు.