ఫోరెన్సిక్ టాక్సికాలజీ: విషం దొరికితే సరిపోదు

2020 డిసెంబరు మొదటి వారం. ఏలూరు వన్‌టౌన్‌లో జనం ఉన్నట్టుండి పడిపోసాగారు. ఫిట్స్, నోట్లో నురగ, కాసేపటికి తేరుకోవడం, ఆ తర్వాత తలనొప్పి, వాంతులు. కొద్ది రోజుల్లోనే బాధితుల సంఖ్య ఐదు వందలు దాటింది. చికిత్స డాక్టర్లు చేశారు. ఒంట్లోకి ఏం చేరిందో చెప్పాల్సిన బాధ్యత ప్రయోగశాలల మీద పడింది. రక్తం, నీరు, పాలు, కూరగాయలు ఢిల్లీకీ హైదరాబాదుకీ వెళ్లాయి. రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని ఎయిమ్స్ చెప్పింది. పురుగుమందుల అవశేషాలు కనిపించాయని జాతీయ పోషకాహార సంస్థ చెప్పింది. తొలి నీటి పరీక్షల్లో తేడా ఏమీ తేలలేదు. చివరికి పురుగుమందే ప్రధాన కారణం కావచ్చని నిపుణులు అభిప్రాయపడ్డారు.

నమూనాలో ఒక పదార్థం కనిపించడం వేరు, అదే కారణమని తేల్చడం వేరు. ఆ రెండింటి మధ్య దూరాన్ని ఓపిగ్గా కొలిచే వృత్తి ఫోరెన్సిక్ టాక్సికాలజీ. గోదావరి డెల్టాలోని నిడదవోలు నుంచి ఏలూరు ఎంతో దూరం కాదు. నిడదవోలులో బీఎస్సీ కెమిస్ట్రీ చదివే విద్యార్థికి ఈ వృత్తి కూడా అంత దూరమేమీ కాదు.

డాక్టరు కాదు, కెమిస్టు

పోస్టుమార్టం చేసిన డాక్టరే విషం పేరు కూడా చెప్పేస్తారని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. డాక్టరు జీర్ణాశయం, పేగు, కాలేయం, మూత్రపిండాల ముక్కలనూ రక్తాన్నీ తీసి, నిల్వ ద్రావణంతో సీసాల్లో పెట్టి సీలు వేస్తారు. పోలీసులు వాటిని ల్యాబుకు చేరుస్తారు. అక్కడి కెమిస్టు ఇచ్చే నివేదికే పేపర్లలో మనం చూసే ‘విసెరా రిపోర్టు’. అది చేతికొచ్చాకే డాక్టరు మరణ కారణంపై తుది అభిప్రాయం రాస్తారు.

ఈ ఉద్యోగం కొత్తదేమీ కాదు. 1849లోనే మద్రాసులో కెమికల్ ఎగ్జామినర్ ప్రయోగశాల ఏర్పడింది. గోదావరి జిల్లాలు అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. ఇవాళ ఆంధ్రప్రదేశ్ ఫోరెన్సిక్ సైన్స్ ల్యాబొరేటరీ మంగళగిరిలో ఉంది.

రోజువారీ పని ఎలా ఉంటుంది?

డెల్టా పొలాల్లో వాడే గుళికల మందు, గడ్డిమందు, ధాన్యానికి పెట్టే మాత్రలు, ఇంట్లో ఎలుకల మందు, దొడ్లో ఉమ్మెత్త, పచ్చగన్నేరు. వీటికి తోడు నిద్రమాత్రలు, గంజాయి, నాటుసారా. వీటిలో దేన్నయినా వెతకాల్సి రావచ్చు. అన్నింటినీ ఒకేసారి పట్టే పరీక్ష లేదు.

పని మూడు మెట్లుగా సాగుతుంది. మొదటిది వేరుచేయడం: కొవ్వు, ప్రోటీన్ల మధ్య ఇరుక్కున్న మైక్రోగ్రాముల పదార్థాన్ని బయటికి లాగడం. రెండోది వడపోత: రంగు పరీక్షలు, టీఎల్‌సీ, ఇమ్యునోఅస్సేలతో అనుమానితుల జాబితాను తగ్గించడం. మూడోది పరికరాలతో నిర్ధారణ: పురుగుమందులకు, మందుబిళ్లలకు జీసీ-ఎంఎస్ లేదా ఎల్‌సీ-ఎంఎస్, సీసం లాంటి లోహాలకు ఐసీపీ-ఎంఎస్, ఆల్కహాల్‌కు హెడ్‌స్పేస్ జీసీ.

నమూనా చెడితే మాత్రం ఏ యంత్రమూ ఆదుకోలేదు. ఆల్కహాల్ పరీక్షకు తీసిన రక్తంలో సోడియం ఫ్లోరైడ్ కలపకపోతే సూక్ష్మజీవులే అందులో ఆల్కహాల్ పుట్టించగలవు. వాహనం నడిపేవారికి చట్టం పెట్టిన హద్దు 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు. ఆ గీత దగ్గర చిన్న పొరపాటు జరిగినా ఒకరికి అన్యాయం జరుగుతుంది. చనిపోయాక కొన్ని మందులు అవయవాల నుంచి గుండె రక్తంలోకి చేరతాయి. అందుకే తొడ సిర నుంచి తీసిన రక్తానికి విలువెక్కువ.

అసలు నమూనాయే లేకపోతే? ప్రసాదంలో సైనైడ్ కలిపి పది మందిని చంపాడన్న ఆరోపణపై 2019 నవంబరులో ఏలూరు పోలీసులు ఒక వ్యక్తిని అరెస్టు చేశారు. ఆ మరణాల్లో చాలావాటిని అప్పటిదాకా సహజ మరణాలనే అనుకున్నారు. ఎవరికీ అనుమానం రాకపోతే సీసా ల్యాబు గడప తొక్కదు.

ఏం చదవాలి?

ఇంటర్‌లో బైపీసీ లేదా ఎంపీసీ, డిగ్రీలో కెమిస్ట్రీ లేదా బయోకెమిస్ట్రీ, లేదంటే బీఫార్మసీ. పేరులో ‘ఫోరెన్సిక్’ ఉన్న డిగ్రీ కోసం ఇంటర్ అవగానే లక్షలు పోసి దూరం పోనక్కర్లేదు. నిడదవోలు ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో కెమిస్ట్రీని గట్టిగా చదివినా పునాది పడుతుంది. అనలిటికల్ కెమిస్ట్రీ, ఆర్గానిక్ కెమిస్ట్రీ, స్టాటిస్టిక్స్ మీద పట్టు ఉండాలి.

పీజీకి గాంధీనగర్ ప్రధాన కేంద్రంగా ఉన్న నేషనల్ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీ ముందు వరుసలో ఉంటుంది. 2020 చట్టంతో అది జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయింది. ఉస్మానియా యూనివర్సిటీలో ఎమ్మెస్సీ ఫోరెన్సిక్ సైన్స్‌కు సీపీగెట్ ప్రవేశ పరీక్ష రాయాలి. ఎమ్మెస్సీ అనలిటికల్ లేదా ఆర్గానిక్ కెమిస్ట్రీతోనూ ఈ రంగంలోకి రావచ్చు. అధ్యాపక వృత్తి, పరిశోధన మీద ఆసక్తి ఉంటే యూజీసీ నెట్‌లో ఫోరెన్సిక్ సైన్స్ ప్రత్యేక సబ్జెక్టుగా ఉంది.

ఉద్యోగాలు ఎక్కడ?

రాష్ట్ర ఫోరెన్సిక్ ల్యాబుల్లో ప్రవేశ స్థాయి పోస్టు సాధారణంగా సైంటిఫిక్ అసిస్టెంట్. పోలీసు నియామక మండలి ప్రకటనలను గమనిస్తూ ఉండాలి. కేంద్ర ఫోరెన్సిక్ ల్యాబుల్లో ఒకటి హైదరాబాదు రామంతపూర్‌లో ఉంది. వీటిలో అధికారి స్థాయి పోస్టులకు యూపీఎస్సీ నోటిఫికేషన్లు వస్తుంటాయి.

2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, ఏడేళ్లు లేదా అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనా స్థలానికి వెళ్లాలంటోంది. రాష్ట్రాలు దీన్ని దశలవారీగా అమలు చేయాలి. అంటే ల్యాబులకు పని పెరుగుతుంది. అయినా ఒక నిజం ముందే తెలుసుకోండి. ప్రభుత్వ పోస్టులు తక్కువ, నోటిఫికేషన్లు ఏటా రావు. దీన్ని నమ్ముకుని నాలుగేళ్లు గదిలో కూర్చుంటే చేతిలో ఉన్న నైపుణ్యం తుప్పు పడుతుంది.

భీమవరం బండి ఎక్కండి

నిడదవోలు జంక్షన్‌లో భీమవరం బండి ఎక్కితే రెండో దారి కనిపిస్తుంది. ఎగుమతి అయ్యే రొయ్యల్లో నిషేధిత యాంటీబయాటిక్ అవశేషాలను వెతికే ల్యాబులు అక్కడున్నాయి. సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ ఎంపెడాకు కూడా భీమవరంలో క్వాలిటీ కంట్రోల్ ల్యాబు ఉంది. రొయ్య మాంసంలో క్లోరాంఫెనికాల్ పట్టే ఎల్‌సీ-ఎంఎస్ పరికరమే మనిషి రక్తంలో నిద్రమాత్రనూ పడుతుంది. నమూనా మారుతుంది, మెలకువ అదే.

హైదరాబాదులో ఔషధ కంపెనీల బయోఅనలిటికల్ ల్యాబులు మనుషుల ప్లాస్మాలో మందు గాఢతను కొలుస్తాయి. ఫోరెన్సిక్ పనికి ఇంతకన్నా దగ్గరి శిక్షణ ఇంకొకటి లేదు. క్రీడాకారుల నమూనాలను పరీక్షించే నేషనల్ డోప్ టెస్టింగ్ ల్యాబొరేటరీ ఢిల్లీలో ఉంది. ఇలాంటి చోట రెండేళ్లు పనిచేసి, నోటిఫికేషన్ వచ్చినప్పుడు అనుభవంతో దరఖాస్తు చేయండి.

మీకు సరిపడుతుందా?

వాసన భరించాలి. కుళ్లిన కాలేయంతో పని చేయాలి. సీసా సీలు ఎవరు ఎప్పుడు విప్పారో ప్రతిసారీ రాయాలి. అవసరమైతే కోర్టుకెళ్లి డిఫెన్సు లాయరు అడిగే ప్రతి ప్రశ్నకూ కాగితం చూపించి జవాబు చెప్పాలి. సినిమాల్లోలా సాయంత్రానికల్లా హంతకుడు దొరకడు. చాలాసార్లు నివేదికలో ‘ఈ పద్ధతిలో విషం కనబడలేదు’ అన్న ఒక్క వాక్యమే ఉంటుంది. ‘లేదు’ అనడానికీ ‘ఈ పద్ధతిలో కనబడలేదు’ అనడానికీ ఉన్న తేడా తెలిసినవాడే టాక్సికాలజిస్టు.

ఆ తేడా నేర్చుకోవడానికి గాంధీనగర్ దాకా వెళ్లక్కర్లేదు. డిగ్రీ ప్రాక్టికల్స్‌లో సాల్ట్ ఎనాలిసిస్ చేస్తారు కదా! ఇచ్చిన సాల్టు ఏమిటో సీనియర్‌ని అడిగి తెలుసుకుని, రికార్డును కింద నుంచి పైకి నింపడం మన కాలేజీల్లో పాత అలవాటు. ఈసారి ఎవరినీ అడగకండి. పరీక్షనాళికలో ఏం కనబడితే అదే రాయండి, కనబడనిది కనబడలేదని రాయండి. రెండు మార్కులు పోతే పోనివ్వండి.